బల్లకు అవతలి వైపు

మా అక్కంటే నాకు కుళ్ళు. ఇన్నేళ్ళలో ఈ మాట ఎవరి ముందూ అనలేదు కాబట్టి ముందే అనేస్తున్నాను. తర్వాత చెప్పబోయేదానికి సాకులు వెతుక్కునే పని తప్పుతుంది.

అక్కంటే తోడబుట్టిన అక్క కాదు, తోడికోడలు. ఆవిడకు డెబ్బై మూడు, నాకు అరవై ఎనిమిది. కింద బట్టలు కుట్టే దుకాణం, పైన ఇల్లు, మధ్యలో పదిహేడు మెట్లు. మగవాళ్ళిద్దరూ రెండేళ్ళ తేడాలో వెళ్ళిపోయారు. మిగిలింది ఆవిడ, నేను, దుకాణం చూసుకునే మా అమ్మాయి. దానికి పెళ్ళయింది. రెండు వీధుల అవతల కాపురం. పొద్దున తొమ్మిదింటికల్లా వచ్చి తలుపులు తీస్తుంది.

ఆ దుకాణంలో ఒక బల్ల ఉంది. ఇద్దరు మనుషులు పడుకునేంత పొడవు, నడుము ఎత్తు. గుడ్డ కత్తిరించేది దాని మీదే. కుట్టేవాళ్ళు తప్పు చేస్తే విప్పి మళ్ళీ కుట్టుకోవచ్చు. కత్తిరించేవాళ్ళు తప్పు చేస్తే ఆ గుడ్డ పోయినట్టే. అందుకే కత్తెర ఎవరి చేతిలో ఉంటే దుకాణంలో మర్యాద వాళ్ళది.

నేను కోడలిగా వచ్చిన ఏడాది మామగారు మా ఇద్దరికీ ఒక పరీక్ష పెట్టారు. ఒక మనిషిని నిలబెట్టి పద్నాలుగు కొలతలు గడగడా చదివారు. భోజనాలయ్యాక మళ్ళీ అప్పజెప్పమన్నారు. నేను తొమ్మిది చెప్పాను. అక్క పద్నాలుగూ చెప్పి, "ఆయన ఎడమ భుజం కొంచెం కిందికి దిగి ఉంది మామయ్యా, అది మీరు చదవలేదు," అంది. అంతే. కత్తెర ఆవిడ చేతికి, మిషన్ నా కాళ్ళకు. అలా నలభై ఒక్క ఏళ్ళు గడిచాయి.

కత్తెర ఇచ్చేటప్పుడు మామగారు ఒక షరతు పెట్టారు. "బల్ల దగ్గర కూర్చోకూడదు. కుర్చీ కావాలనిపించిన రోజు కత్తెర పక్కవాళ్ళకి ఇచ్చెయ్యాలి." పక్కవాళ్ళంటే ఇంకెవరు, నేనే. ఆ రోజు నుంచి నేను ఆవిడ ఎప్పుడు కుర్చీ అడుగుతుందా అని చూస్తూనే ఉన్నాను. ఆవిడ అడగలేదు. జ్వరమొచ్చినా నిలబడింది, బావగారు పోయిన పదిహేనో రోజున కూడా వచ్చి నిలబడింది. ఒక్క కొలత కాగితం మీద పెట్టింది లేదు. ఇరవై ఏళ్ళ తర్వాత వచ్చిన మనిషిని కూడా ఎగాదిగా చూసి, "మీకప్పుడు నడుము ముప్పై కదండీ," అనేది. వచ్చినవాళ్ళు మురిసిపోయేవాళ్ళు. నేను మిషన్ మీద తల వంచుకుని దారం తెంపేదాన్ని.

కత్తెర ఒక్కటే అయితే ఎలాగో మింగేదాన్ని. మా అమ్మాయి సంగతి అలా కాదు. దాన్ని కన్నది నేను. పెరిగింది మాత్రం ఆవిడ బల్ల కింద, గుడ్డముక్కల మధ్య. మిషన్ చప్పుడులో నాకు దాని మాటలు వినపడేవి కావు. ఆవిడకు పిల్లల్లేరు, కత్తెరకు చప్పుడు లేదు. బడిలో ఏం జరిగినా ముందు పెద్దమ్మకు చెప్పాలి. పెళ్ళి సంబంధం నచ్చిందని కూడా ముందు ఆవిడకే చెప్పింది. నాకు రెండు రోజుల తర్వాత, అదీ అన్నం తింటూ తింటూ చెప్పింది. 

కిందటి చలికాలంలో ఒకరోజు ట్రయల్ గది తెర తీయబోయి ఆగిపోయాను. లోపల అక్క గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఇస్త్రీపెట్టెకు మందపాటి కంబళి ముక్క చుట్టి కుడి తుంటికి ఆనించుకుంది. కళ్ళు మూసుకుని ఉంది. పై పెదవి మీద చెమట. చలికాలంలో చెమటేమిటి?

నేను చప్పుడు చేయకుండా వెనక్కొచ్చేశాను. మనిషన్నదైతే ఏం చేస్తుంది? "అక్కా, ఏమైంది?" అంటుంది. నేను మిషన్ దగ్గర కూర్చుని, ఇంకెన్నాళ్ళులే అనుకున్నాను. ఆ తర్వాత గమనిస్తే అన్నీ కనిపించాయి. కుడి చెప్పు మడమ అరగలేదు, ఎడమది అరిగిపోయింది. మెట్లెక్కేటప్పుడు ముందు నన్ను పొమ్మంటుంది. అయినా నోరు విప్పి ఒక్క మాట అనదు. అంటే కుర్చీ వస్తుంది, కుర్చీ వస్తే కత్తెర పోతుంది. అది ఆవిడకూ తెలుసు, నాకూ తెలుసు.

ఇంతలో వెల్వెట్ కోట్ల పని వచ్చింది. ఒక బ్యాండు మాస్టారు తన బృందానికి పన్నెండు కోట్లు కావాలన్నాడు. ముదురు ఎరుపు వెల్వెట్.

వెల్వెట్‌కు నూగు ఉంటుంది. చేత్తో ఒక వైపుకు నిమిరితే నున్నగా, మెరుస్తూ ఉంటుంది. ఎదురు నిమిరితే గరుగ్గా, నల్లగా కనిపిస్తుంది. అందుకని కోటులో ముక్కలన్నీ ఒకే దిక్కుకు పెట్టి కత్తిరించాలి. ఇది మా పనిలో మొదటి పాఠం. పైగా వెల్వెట్‌ను మడతపెట్టి కత్తిరించకూడదు, జారిపోతుంది. బల్ల మీద ఒంటి పొరగా పరిచి, ఇవతలి అంచున కుడి ముక్కలు, అవతలి అంచున ఎడమ ముక్కలు గీసుకోవాలి. ఇవతల నిలబడి గీసేటప్పుడు మెడవైపు మన ఎడమచేతికి వస్తుంది. బల్ల చుట్టూ నడిచి అవతలికి వెళితే అదే మెడవైపు కుడిచేతికి వస్తుంది. అక్క చేతులకు ఇదంతా ఊపిరి తీసుకున్నంత అలవాటు.

నేను కుట్టాను. మొదటి కోటు బొమ్మకు తొడిగి వెలుతుర్లోకి తెచ్చాను. కుడి సగం మెరిసిపోతోంది, ఎడమ సగం మసి పూసినట్టు ఉంది. పన్నెండు కోట్లకూ కత్తిరించిన ముక్కలన్నీ అంతే. సరిగ్గా అప్పుడే బ్యాండు మాస్టారు ట్రయల్‌కు వచ్చాడు. ఆయన పెద్దమనిషి, అరవలేదు. "అమ్మగారూ, ఇది మీ చేతి పనేనా?" అని మాత్రం అడిగాడు. అక్క కోటు దగ్గరికి వచ్చి, రెండు వైపులా నిమిరి చూసుకుని, "నాదే," అంది. 

మా అమ్మాయి ఆయన్ని సాగనంపడానికి వెళ్ళినప్పుడు నేను కోటు లోపలికి తిప్పి కుట్టు మడతల్లో గుడ్డ అంచు చూశాను. తప్పు పడ్డ ముక్కలన్నీ ఎడమవి, అంటే అవతలి అంచువే. ఒక్కటి కూడా ఇవతలిది లేదు. నాకు అర్థమైపోయింది. అక్క అవతలికి నడవలేదు. తుంటి నడవనివ్వలేదు. ఉన్నచోటే నిలబడి గుడ్డనే తన వైపుకు గిర్రున తిప్పుకుంది. కాళ్ళు ఇవతలే ఉన్నాయి కాబట్టి చేతులు అలవాటు కొద్దీ మెడవైపును ఎడమకే పెట్టాయి. గుడ్డ తిరిగిందన్న సంగతి ఆ నొప్పిలో తలకెక్కలేదు.

ఇక అందరూ దీన్ని వయసు మీదపడ్డ మరుపనే అనుకుంటారు. అది కాదనడానికి ఒక్క మాట చాలు. "అమ్మాయీ, మీ పెద్దమ్మ బుర్రకేం కాలేదు, డాక్టరుకి తుంటి చూపించు." ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడు మా అమ్మాయి లోపలికొచ్చి, నా పక్కనుంచే వెళ్ళి, పెద్దమ్మ చేతులు రెండూ పట్టుకుంది. "ఏం కాదు పెద్దమ్మా, నేనున్నానుగా," అంది. నేను కోటు మడతపెట్టి పక్కన పడేశాను.

మర్నాడు కత్తెర నాకు వచ్చింది. కుర్చీ అడగకుండానే అక్క తనంతట తనే తెచ్చి నా మిషన్ మీద పెట్టింది. "వెల్వెట్ దిక్కు మర్చిపోయినదాన్ని ఇక బల్ల దగ్గర నిలబడకూడదులే," అంది. నలభై ఒక్క ఏళ్ళు ఎదురుచూసినది అంత తేలిగ్గా వచ్చి పడితే, సంతోషానికి కూడా కాసేపు ఏం చెయ్యాలో తోచలేదు.

ఆ వారంలోనే మా అమ్మాయి ఆవిణ్ణి మతిమరుపు చూసే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. నన్నూ రమ్మంది. డాక్టరు చిన్నవాడే, ఓపికమంతుడు. అక్కను వీపు ఆనించుకోవడానికి లేని ఎత్తు స్టూలు మీద కూర్చోబెట్టాడు. దాని మీద గంటసేపు కూర్చోబెట్టి ఏవేవో అడిగాడు. ఐదు మాటలు చెప్పి గుర్తుపెట్టుకోమన్నాడు. గొడుగు, ఉప్పు, గుర్రం, వంతెన, అద్దం. నన్ను అడక్కపోయినా ఐదూ గుర్తుపెట్టుకున్నాను, చూశారా నా బుద్ధి. అక్క రెండే చెప్పగలిగింది. వందలోంచి ఏడేడు తీసేస్తూ రమ్మంటే తొంభై మూడు, ఎనభై ఆరు దగ్గర ఆగిపోయింది. లెక్కలో అక్క ఆగడం నేను చూడటం అదే మొదటిసారి. ఆవిడ మొహం వంక అందరూ చూస్తున్నారు. నేను చేతుల వంక చూశాను. స్టూలు అంచును పట్టుకున్న వేళ్ళు తెల్లబడిపోయాయి.

"ఒంట్లో ఎక్కడైనా నొప్పి ఉందా అమ్మా?" అన్నాడు డాక్టరు.

"ఏం లేదు బాబూ."

ఆయన నా వైపు తిరిగాడు. "ఇంట్లో మీరేమైనా గమనించారా?"

"వయసు కదండీ," అన్నాను.

ఈ ముక్క అన్నది నేనే. ఇంకెవరూ నా నోట్లో పెట్టలేదు.

రెండు నెలలు ఆగి మళ్ళీ చూద్దామని, ఈలోగా పెద్దావిడను ఒంటరిగా వదలొద్దని, ఎక్కువ పని పెట్టొద్దని చెప్పి డాక్టరు పంపేశాడు.

బల్ల దగ్గర నా మొదటి రోజులు భోగంగా గడిచాయి. అటు నడిచాను, ఇటు నడిచాను, పని లేకపోయినా చుట్టూ తిరిగాను. వచ్చినవాళ్ళు నన్ను "అమ్మగారూ" అంటున్నారు. కొలతలు పుస్తకంలో రాసుకున్నాను, రాసుకుంటే తప్పేమిటి? అయినా మా అమ్మాయి ఒక్కనాడూ బాగుందనలేదు. పైగా ఒకసారి మిగిలిన ముక్క పట్టుకుని, "పెద్దమ్మైతే ఇందులో ఇంకో రెండు జేబులు తీసేదమ్మా," అంది. 

అసలు కథ పైన నడుస్తోంది. మధ్యాహ్నం కాగానే మా అమ్మాయి దుకాణం నా నెత్తిన వదిలేసి మెట్లెక్కేది. పెద్దమ్మకు తల దువ్వడం, పెద్దమ్మతో పాత కబుర్లు చెప్పించుకోవడం. గుర్తుండగానే అన్నీ వినాలట. పైనుంచి ఇద్దరి నవ్వులు వినిపించేవి. నా కత్తెరకు చప్పుడు లేదు కదా, ఇప్పుడు అన్నీ నా చెవిన పడేవి. నాకు బల్ల దొరికింది, ఆవిడకు నా కూతురు పూర్తిగా దొరికిపోయింది. ఈ బేరంలో ఎవరు గెలిచారో మీరే చెప్పండి.

కత్తెర నా చేతికొచ్చిన నలభై రెండో రోజు సాయంత్రం మా అమ్మాయి ఒక సంచీ పట్టుకుని వచ్చింది. అందులో దాని బట్టలు, దువ్వెన, దిండు. "అమ్మా, ఇవాళ్టి నుంచి నేను పెద్దమ్మ గదిలోనే ఉంటాను. మా ఆయనకి చెప్పాను. ఎన్నాళ్ళుంటుందో ఈ మనిషి ఇలాగన్నా," అంటూ కళ్ళు తుడుచుకుంది.

కిందటేడు నాకు కంటి ఆపరేషన్ అయినప్పుడు ఈ పిల్ల రోజుకు రెండుసార్లు ఫోన్ చేసింది. రెండుసార్లు. దిండు తెచ్చుకోలేదు.

నాలో ఏదో తెగింది. కత్తెర బల్ల మీద పడేసి, "నువ్విక్కడే ఉండు," అని పదిహేడు మెట్లూ ఎక్కాను. ఆవిడ పిచ్చిదీ కాదు, మరుపుదీ కాదు, తుంటి నొప్పిని దాచుకున్న మొండి మనిషి అని మొహం మీదే అనేద్దామని. అందరికీ చెప్పేద్దామని. జాలి చూపించడం మానేస్తారని. నిజం చెప్పడానికి నేను బయల్దేరింది అందుకే, ఇందులో నా గొప్పేమీ లేదు.

అక్క మంచం మీద ఒక పక్కకు ఒరిగి పడుకుని, నోటుపుస్తకంలో రాసుకుంటోంది. ఒక్క కొలత రాయని మనిషి. నన్ను చూసి కళ్ళజోడు తీసింది.

"రా. నీకోసమే ఇది. ఇంకో నాలుగు పేజీలు రాయాల్సి ఉంది."

తీసుకున్నాను. మొదటి పేజీ నుంచి కొలతలే. నలభై ఒక్క ఏళ్ళుగా వచ్చినవాళ్ళందరూ వరసగా ఉన్నారు. రొట్టెల కొట్టు పెద్దాయన, కవల పిల్లల తల్లి, కుంటి పోస్టుమాను, పెళ్ళినాడు కోటు చాల్లేదని ఏడ్చిన కుర్రాడు. పక్కన ఎవరికి ఏ భుజం దిగి ఉంటుందో, ఎవరు ఊపిరి బిగబట్టి కొలత ఇస్తారో కూడా రాసింది. ఇవన్నీ కుట్టింది నేనే కాబట్టి నాకు తెలుసు. నాకు గుర్తున్నంతలో ఒక్క అంకె తప్పు లేదు. మధ్యలో ఒక పేజీలో నేనున్నాను. పెళ్ళికూతురిగా వచ్చినప్పటివి, అమ్మాయి కడుపులో ఉన్నప్పటివి, మా ఆయన పోయాక చిక్కిపోయినప్పటివి. నన్ను ఆవిడ ఎప్పుడు కొలిచిందో నాకే తెలియదు.

"పోయేలోపు నీకిచ్చేస్తే బల్లకి ఇబ్బంది ఉండదు కదా," అంది అక్క. "రోజూ పొద్దున లేవగానే మొదటి మనిషి నుంచి లెక్కపెట్టుకుంటున్నానే. అందరూ ఉన్నట్టే ఉన్నారు. కానీ మర్చిపోయినవాళ్ళు మర్చిపోయినట్టు నాకెలా తెలుస్తుంది చెప్పు? ఆ కోట్లు చూడు. అవతలికి వెళ్ళి గీశాననే ఇప్పటికీ అనిపిస్తోంది. బుర్ర అలా అబద్ధమాడితే ఇక దేన్ని నమ్మను? భయమేస్తోంది."

అక్క నోట భయమన్న మాట నేను అంతకుముందెప్పుడూ వినలేదు, బావగారు పోయిన రోజున కూడా. అనాలనుకుని తెచ్చుకున్న మాటలన్నీ పక్కన పెట్టేశాను.

"నువ్వు అవతలికి వెళ్ళలేదు," అన్నాను. "గుడ్డని తిప్పావు. తుంటి నొప్పికి. అవతలి అంచు ముక్కలే తప్పాయి. నీ బుర్రకేం కాలేదు అక్కా."

ఆవిడ పైకప్పు వంక చూసింది. కుడిచెయ్యి దుప్పటి మీద ఒక ముక్కను గీసింది, ఆగింది, తిప్పింది, మళ్ళీ గీసింది.

"అవును," అంది చివరికి. "తిప్పాను. ఆ నొప్పి లోపల్నుంచి అరుస్తూనే ఉంటుంది. పక్కన ఎవరో వేరే అంకెలు చదువుతుంటే మన లెక్క మనకి నిలుస్తుందా? ఆ డాక్టరు స్టూలు మీద కూడా అంతే." ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. ఆవిడ మొహంలో ఏళ్ళు తగ్గిపోయినట్టు అనిపించింది. తర్వాత నా వంక తిరిగింది. "నీకెప్పుడు తెలిసింది?"

ఇప్పుడే తెలిసిందని అనొచ్చు. ఎవరు చూడొచ్చారు?

"మొదట్నుంచీ తెలుసు."

"ఎన్నాళ్ళయింది?"

"నలభై రెండు రోజులు."

"నలభై మూడు," అంది అక్క. "ట్రయల్ రోజును నువ్వు కలపలేదు. ఆ రోజు కోటు లోపలికి తిప్పి అంచు చూసి, నా వంక చూడకుండా మడతపెట్టావు. ఎందుకా అనుకున్నాను."

గొంతు పెంచలేదు. చెయ్యి చాపి నోటుపుస్తకం అడిగింది. ఇచ్చేశాను. దిండు కింద పెట్టుకుని, లేవడానికి నా భుజం పట్టుకుంది. "కిందికి దింపు. అమ్మాయికి చెబుదాం."

పదిహేడు మెట్లు దిగాం. ఇన్నాళ్ళూ దాచుకున్న బరువంతా ఇప్పుడు దాచుకోకుండా నా మీద వేసింది. ఒక్కో మెట్టుకూ ఆవిడ వేళ్ళు నా భుజంలోకి దిగాయి. నొప్పి ఎంతో నాకు అప్పుడు తెలిసింది. అక్క ఏం చెప్పబోతోంది? ఈ మాట విన్నాక నా కూతురు నా మొహం చూస్తుందా?

మా అమ్మాయి కింద మెట్టు దగ్గర నిలబడి ఉంది. "పెద్దమ్మా, ఏమైంది, ఎందుకు దిగావు?" అంటూ ఎదురొచ్చింది.

"ఒక కుర్చీ వెయ్యి," అంది అక్క. దుకాణంలో ఆవిడ కుర్చీ అడగడం అదే మొదలు. కూర్చుని, తుంటి సంగతి, గుడ్డ తిప్పిన సంగతి వరసగా చెప్పింది. "మర్చిపోవడం కాదే అమ్మాయీ, కాలు నడవక జరిగింది. రేపు నన్ను ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు." తర్వాత నా వంక చూపించింది. "ఇది కనిపెట్టింది మీ అమ్మే. ఇవాళ అంచులు చూస్తే తెలిసిందట. పరిగెత్తుకుంటూ వచ్చి చెప్పింది."

మా అమ్మాయి నా వంక చూసింది. ముప్పై ఎనిమిదేళ్ళు ఆ చూపు పక్క మనిషికి పోతుంటే చూశాను కాబట్టి అది ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. పిల్ల గబగబా వచ్చి నన్ను గట్టిగా పట్టుకుంది. "అమ్మా, నువ్వు లేకపోతే ఏమైపోయేవాళ్ళం," అని నా మెడ మీద మొహం పెట్టి ఏడ్చింది. నేను దాని వీపు నిమిరాను. 

దాని భుజం మీదుగా అక్క నన్నే చూస్తోంది. కోపంగా లేదు. ఒక మనిషిని నిలబెట్టి కొలత తీసుకునేటప్పుడు ఎలా చూస్తుందో అలాగే చూస్తోంది. మా అక్కకు గుర్తుండటానికి కాగితం అక్కర్లేదు, దేన్నీ మర్చిపోదు. ఈ సంగతి ఇంట్లో అందరికంటే నాకే బాగా తెలుసు.